గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్: కొత్తగా పట్టుకున్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖలు వేసే ఒక ప్రెస్‌లో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు పేర్చే పని) ఆపరేటర్‌గా నా పని మొదలైంది. పేజ్‌మేకర్, కోరల్ డ్రా, అను తెలుగు ఫాంట్లు, మధ్యమధ్యలో పోయే కరెంటు, ఇదే అప్పటి ప్రపంచం. ఇప్పుడు సాయంత్రం పూట ఇంట్లోనే కొంతమందికి గ్రాఫిక్స్ నేర్పుతున్నాను. డిగ్రీ పిల్లలు, బొటిక్ పెట్టుకున్న అక్కలు, ఫ్లెక్స్ షాపు కుర్రాళ్ళు, ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఎవరొచ్చినా ప్రశ్నలు దాదాపు ఇవే. ప్రతిసారీ గొంతు నొప్పి పుట్టించుకోవడం ఎందుకని ఒకచోట రాసి పెట్టాను.

క్లాసులో సాఫ్ట్‌వేర్ తెరిచేలోపు నేను అడిగేది ఒకటే: "ఈ బొమ్మ చివరికి ఎక్కడికి వెళ్తుంది? ఫోన్‌లోకా, కాగితం మీదికా, రోడ్డు పక్క ఫ్లెక్స్ మీదికా?" కింది జవాబుల్లో చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ అంటే ఫొటోషాపేనా?

కాదు. కిరాణా కొట్టుకెళ్ళి ఏ సబ్బుపొడి కావాలన్నా "సర్ఫ్ ఇవ్వండి" అన్నట్టు, మనకి "ఫొటోషాప్ చేసి ఇవ్వండి" అనడం అలవాటైపోయింది. తెర మీద బొమ్మ గీయడానికి, ఉన్న బొమ్మని మార్చడానికి, బొమ్మనీ అక్షరాన్నీ ఒక పేజీలో పేర్చడానికి వాడే ప్రోగ్రాములన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఫొటోలు సరిదిద్దడానికి ఫొటోషాప్, గింప్. లోగోలు, కార్డులు గీయడానికి కోరల్ డ్రా, ఇలస్ట్రేటర్, ఇంక్‌స్కేప్. పుస్తకాలు, పత్రికలు పేర్చడానికి ఇన్‌డిజైన్. ఇంటి ప్లాన్లకి ఆటోక్యాడ్. త్రీడీకి బ్లెండర్, మాయా.

వీటన్నిటికీ తాతలాంటిది 1963 నాటి స్కెచ్‌ప్యాడ్. అమెరికాలో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి తన పీహెచ్‌డీ కోసం రాశాడు. లైట్ పెన్‌తో నేరుగా తెర మీదే గీత గీయొచ్చు. ఇళ్ళలోకి వచ్చేసరికి మాత్రం 1980లు వచ్చేశాయి. విండోస్ మొదటి వెర్షన్‌తో పాటు పెయింట్ వచ్చింది 1985లో, ఇలస్ట్రేటర్ 1987లో, కోరల్ డ్రా 1989లో, ఫొటోషాప్ 1990లో. మన డీటీపీ షాపుల్లో ఈనాటికీ వినిపించే పేజ్‌మేకర్ కూడా 1985దే. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కంపెనీ దాన్ని వదిలేసినా మనవాళ్ళు వదల్లేదు.

రాస్టర్, వెక్టర్ అంటారు. ఎన్ని వీడియోలు చూసినా బుర్రకెక్కట్లేదు.

సంక్రాంతి ముగ్గుల పుస్తకం గుర్తుందా? ముగ్గు పక్కనే "15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క" అని రాసి ఉంటుంది. ఆ ఒక్క లైను చాలు, అమ్మ దాన్ని అగ్గిపెట్టె మీదా వేయగలదు, అపార్ట్‌మెంట్ గేటు ముందు రోడ్డు వెడల్పుకీ వేయగలదు. ముగ్గు పెద్దదైనంత మాత్రాన గీత చెదరదు. ఎందుకంటే అక్కడున్నది బొమ్మ కాదు, బొమ్మ వేసే పద్ధతి. వెక్టర్ అంటే ఇదే. ఫలానా చోట చుక్క, అక్కడి నుంచి ఇంత వంపుతో గీత, లోపల ఎరుపు రంగు అని కంప్యూటర్ లెక్క రాసుకుంటుంది. సైజు మార్చిన ప్రతిసారీ ఆ లెక్క చూసి మళ్ళీ కొత్తగా గీస్తుంది.

అదే ముగ్గుని ఫోన్‌తో ఫొటో తీస్తే అది రాస్టర్. ఇప్పుడు ఫోన్‌కి చుక్కలూ తెలియవు, వంపులూ తెలియవు. చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో రంగు. ఆ గడినే పిక్సెల్ అంటాం. ఫొటోని పెద్దది చేస్తే గళ్ళు పెద్దవవుతాయి తప్ప లేని వివరం కొత్తగా పుట్టుకురాదు. అందుకే మెట్లు మెట్లుగా, మసకగా కనిపిస్తుంది.

ఫొటోషాప్, గింప్, క్రిటా ముఖ్యంగా పిక్సెళ్ళతో పనిచేస్తాయి. కోరల్ డ్రా, ఇలస్ట్రేటర్, ఇంక్‌స్కేప్ గీతలతో. ఫొటోషాప్‌లోనూ గీతలు గీయొచ్చు, కోరల్‌లోనూ ఫొటో పెట్టొచ్చు. అయితే దేని బలం దానిదే.

నాకు లోగో కావాలి. ఫొటోషాప్‌లో చేస్తే ఏం పోయింది?

చేసిన రోజు ఏమీ పోదు. ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. నాకు తెలిసిన ఒకాయన టిఫిన్ సెంటర్ పెట్టాడు. వాళ్ళ మేనల్లుడు ఫొటోషాప్‌లో 500 పిక్సెళ్ళ లోగో చేసి ఇచ్చాడు. వాట్సాప్ డీపీకి ముచ్చటగా ఉంది. వ్యాపారం కలిసొచ్చి షాపుకి 12 అడుగుల బోర్డు పెట్టించబోతే ఇడ్లీ కాస్తా బూజు పట్టిన ఉప్మాలా వచ్చింది. చివరికి నేను కూర్చుని ఆ బొమ్మ మీద మళ్ళీ మొదటి నుంచి గీతలు గీయాల్సి వచ్చింది. దీన్నే ట్రేసింగ్ అంటాం.

లోగో విజిటింగ్ కార్డు మీద అంగుళమంతే ఉంటుంది, బోర్డు మీద మనిషంత ఉంటుంది. కాబట్టి వెక్టర్‌లోనే చేయండి, ఇందులో రెండో మాట లేదు. కోరల్‌లో పవర్‌ట్రేస్, ఇలస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్ అని ఫొటోని తనంతట తానే గీతలుగా మార్చే సదుపాయాలు ఉన్నాయి. అవి సాదా బొమ్మలకి ఫరవాలేదు. తెలుగు అక్షరాల వంపులకి మాత్రం నేను వాటిని నమ్మను.

300 డీపీఐ పెట్టాలంటారు. ఫ్లెక్స్‌కి కూడానా?

వద్దు బాబూ. ఈ ఒక్క పొరపాటుతో కంప్యూటర్లు హ్యాంగ్ అవడం ఎన్నిసార్లు చూశానో.

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. ముందు ఆ 300 ఎక్కడిదో చూద్దాం. మంచి ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో అంగుళానికి సుమారు 150 వరసల చుక్కలు వేస్తారు. దానికి రెట్టింపు పిక్సెళ్ళు ఇస్తే చాలన్నది పాత లెక్క. అలా 300 వచ్చింది. శుభలేఖ, విజిటింగ్ కార్డు, పాంప్లెట్ చేతిలో పట్టుకుని చూస్తాం కాబట్టి అంత వివరం కావాలి. ఏ4 కాగితం నిండా ఫొటో రావాలంటే 2480 × 3508 పిక్సెళ్ళు ఉండాలి. 3.5 × 2 అంగుళాల విజిటింగ్ కార్డుకి 1050 × 600 సరిపోతాయి.

ఇప్పుడు 10 × 8 అడుగుల ఫ్లెక్స్ తీసుకోండి. దానికి 300 పెడితే 36,000 × 28,800 పిక్సెళ్ళు. గుణిస్తే 103 కోట్లు దాటుతుంది. ఫొటోషాప్ మామూలు ఫైలు, అంటే పీఎస్‌డీ, ఒక్కో వైపు 30,000 పిక్సెళ్ళు దాటితే సేవ్ కూడా అవ్వదు. అదే 72 పెడితే 8,640 × 6,912, అంటే 6 కోట్లలోపే. బోనాలకి గల్లీ మొదట్లో కట్టిన ఫ్లెక్స్‌ని ఎవరూ భూతద్దం పెట్టి చూడరు కదా, బండి మీద వెళ్తూ పది ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తారు. 72 నుంచి 100 మధ్య పెట్టుకుంటే చాలు. కొందరు అసలు సైజులో పదో వంతుకి చేసి రిజల్యూషన్ పెంచుతారు. అదీ సరైనదే, ప్రింటర్ కుర్రాడికి ఆ మాట ముందే చెప్పాలంతే.

కస్టమర్ ఫొటో వాట్సాప్‌లో పంపారు. ప్రింట్ మసకగా వచ్చిందని నన్నే తిడుతున్నారు.

తప్పు మీది కాదు, ఫొటో వచ్చిన దారిది. 12 మెగాపిక్సెల్ ఫోన్ కెమెరా 4000 × 3000 పిక్సెళ్ళ ఫొటో ఇస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1600 దగ్గరికి కుదించుకుపోతుంది. 300 లెక్కన మొదటిది 13 అంగుళాల దాకా బాగుంటుంది, రెండోది అయిదు అంగుళాలకే చేతులెత్తేస్తుంది. "అన్నా, ఫొటోని డాక్యుమెంట్‌గా పంపు" అని అడగండి. ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. నేనైతే ఈ ముక్కని ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకున్నాను, అడిగిన ప్రతివాళ్ళకీ అదే అతికిస్తాను.

తెర మీద చిలకాకుపచ్చ మెరిసిపోతోంది. ప్రింట్‌లో వాడిపోయిన తోటకూరలా ఉంది. ఎందుకు?

తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం ఇంకుతో. తెరలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు కలుస్తాయి, దీన్ని ఆర్‌జీబీ అంటాం. ఒక్కోదానికి 256 మెట్లు, మొత్తం 1 కోటి 67 లక్షలకు పైగా రంగులు. ప్రెస్‌లో ఉండేవి నాలుగు ఇంకులు: సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్. అదే సీఎంవైకే. మెరిసే ఆకుపచ్చలు, కళ్ళు చెదిరే నీలాలు, పండు నారింజలు ఈ నాలుగు ఇంకులతో ఎంత కలిపినా రావు. ఇంకు బాగాలేదనీ, మెషిన్ పాతదనీ గొడవ పెట్టుకోవడం దండగ.

చేయాల్సిందల్లా ప్రింట్ పనిని మొదటి నుంచీ సీఎంవైకేలో చేయడం. అప్పుడు తెర మీదే రంగు కాస్త తగ్గి కనిపిస్తుంది, ఆశలు కూడా అక్కడే తగ్గుతాయి. ఫోన్లో చూసే పోస్టర్లకైతే ఆర్‌జీబీయే.

ఇక్కడే ఇంకో మాట. చిన్న అక్షరాల నలుపు ఎప్పుడూ బ్లాక్ 100 శాతం ఒక్కటే ఉండాలి, మిగతా మూడూ సున్నా. ఫొటోషాప్ నుంచి తెచ్చిన నలుపులో నాలుగు ఇంకులూ కలిసి ఉంటాయి. ప్రెస్‌లో నాలుగు ఇంకుల ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకి జరిగినా చాలు, ప్రతి అక్షరానికీ రంగు నీడ పడుతుంది. అత్తగారి పేరు రెండుసార్లు అచ్చయినట్టు కనిపిస్తే ఆ పెళ్ళి మీకు గుర్తుండిపోతుంది.

తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. ఫాంట్ పాడైందా?

ఇదే అన్నిటికంటే ఎక్కువ ఏడిపించే సంగతి, కాబట్టి కాస్త ఓపిక పట్టి చదవండి.

తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో రెండు రకాలుగా బతుకుతున్నాయి. మొదటిది అను లాంటి పాత పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గడి, గుడి ఒక గడి, వత్తు ఒక గడి. తెర మీద 'క' కనిపిస్తున్నా కంప్యూటర్ దృష్టిలో అది ఏదో ఇంగ్లిష్ గుర్తే. అందుకే అలాంటి మ్యాటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. అయినా ఈ ఫాంట్లు పేజ్‌మేకర్‌లో, పాత కోరల్‌లో చక్కగా నడుస్తాయి. మన ప్రెస్సులు ఇంకా వాటినే పట్టుకుని ఉండటానికి కారణం అదే, బద్ధకం కాదు.

రెండోది యూనికోడ్. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సొంత సంఖ్య ఉంటుంది. మీ ఫోన్లో టైప్ చేసేది, ఇప్పుడు మీరు చదువుతున్నది యూనికోడే. ఇందులో 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు సంఖ్యలు. ఆ మూడింటినీ కలిపి ఒక్క అక్షరంగా పేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని రాని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే క్ ఒకచోట, ష ఒకచోట విడిగా నిలబడతాయి. అంటే పాడైంది ఫాంట్ కాదు, పేర్చేవాడికి పని రాదు.

కొన్నేళ్ళ కిందటి ఫొటోషాప్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళి టైప్ విభాగంలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఉంటుంది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ అసలు రాదు, దానితో కుస్తీ పట్టకండి. ఇంక్‌స్కేప్‌లో ఏ సెట్టింగూ మార్చకుండానే తెలుగు సరిగ్గా వస్తుంది, అదీ ఉచితంగా.

ఈ విషయం నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. ఒక పెళ్ళివాళ్ళు మ్యాటర్ అంతా ఫోన్లో టైప్ చేసి పంపారు. టైమ్ లేదని అలాగే పాత వెర్షన్‌లో అతికించేశాను. ప్రూఫ్ ఫోన్లోనే చూపించాను, చిన్న తెర మీద వాళ్ళకీ కనపడలేదు, నాకూ కనపడలేదు. 500 కార్డులు అచ్చయ్యాక చూస్తే వధువు 'లక్ష్మి' పేరు మూడు ముక్కలై ఉంది. మళ్ళీ వేయించిన ఖర్చు నాదే. అప్పటి నుంచి ప్రూఫ్‌ని కాగితం మీద తీసి, ఎదుటివాళ్ళ చేత పైకి చదివిస్తాను.

మంచి తెలుగు ఫాంట్లు ఏవి అంటారా? గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, గురజాడ, తిమ్మన, ధూర్జటి, మల్లన్న ఉచితంగా దొరుకుతాయి. హెడ్డింగులకి రామభద్ర దిట్టంగా ఉంటుంది. చదివే మ్యాటర్‌కి నాకు మండలి ఇష్టం.

లేయర్లు ఎందుకు? అన్నీ ఒకేచోట పెట్టేస్తే?

పెట్టేయొచ్చు. తర్వాత "పూలదండ కొంచెం కిందికి జరపండి" అన్నారనుకోండి, ముఖం కూడా దండతో పాటు జరుగుతుంది. బటర్ పేపర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. అడుగున రంగు, దాని మీద దేవుడి బొమ్మ, ఆ పైన దండ, అన్నిటికంటే పైన అక్షరాలు. పైనుంచి చూస్తే ఒకే బొమ్మ, కానీ ఏ కాగితాన్నైనా విడిగా లాగొచ్చు. ఫొటోషాప్‌కి ఈ సదుపాయం వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. అంతకుముందు ఒకసారి అతికించారంటే అతికిపోయినట్టే.

లేయర్‌తో పాటే మాస్క్ నేర్చుకోండి. రబ్బరుతో చెరిపితే చెరిగిపోతుంది. మాస్క్ వేస్తే ఆ భాగం మీద దుప్పటి కప్పినట్టు, కావాలంటే రేపు తీసేయొచ్చు. మాస్క్‌లో నలుపు పూస్తే దాగుతుంది, తెలుపు పూస్తే బయటపడుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళకి రెండో వారం నుంచి ఎరేజర్ ముట్టుకోవడం నిషేధం.

మిగతా టూల్స్‌లో ముందు ఏవి నేర్చుకోవాలి?

ఎడమ పక్క వరసలో ఉన్నవన్నీ నేర్చుకోవాలని టెన్షన్ పడకండి. రోజువారీ పనికి ఏడెనిమిది చాలు: జరపడం, ఎంచుకోవడం, క్రాప్, బ్రష్, టెక్స్ట్, రంగు నింపడం, జూమ్, పెన్.

వీటిలో ఎంచుకోవడం, అంటే సెలెక్షన్, సగం విద్య. ఎంచుకున్న చోటే మార్పు జరుగుతుంది. మ్యాజిక్ వాండ్ ఒకే రంగున్న చోటుని పట్టుకుంటుంది, లాస్సో చేత్తో చుట్టూ గీసుకోవడానికి. ఇప్పుడు ఒక్క క్లిక్‌తో మనిషిని వేరుచేసే సదుపాయాలు వచ్చాయి. విరబోసుకున్న జుట్టు, జరీ అంచు దగ్గర అవి ఇంకా తడబడతాయి.

పెన్ టూల్ మొదటి రోజు ఎవరికీ నచ్చదు. చుక్క పెట్టి లాగితే రెండు వైపులా మీసాల్లాంటి చేతులు వస్తాయి. వాటిని తిప్పితే వంపు మారుతుంది. ఈ వంపుల లెక్క పుట్టింది బొమ్మల కోసం కాదు, కార్ల కోసం. ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ ఇంజినీరు పియర్ బెజియే, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో ఎవరికి వారు కారు బాడీ వంపులని లెక్కగా రాయడానికి కనిపెట్టారు. పేరు మాత్రం బెజియేకి దక్కింది. నేర్చుకోవడానికి నా చిట్కా: తెలుగు 'అ' అక్షరం ఫొటో పెట్టుకుని దాని చుట్టూ పెన్‌తో గీయండి. తక్కువ చుక్కలతో ఎవరు గీస్తే వాళ్ళు గెలిచినట్టు. చుక్కలు ఎక్కువైతే గీత గతుకుల రోడ్డులా ఉంటుంది.

జేపీజీ, పీఎన్‌జీ, పీడీఎఫ్... ఏది ఎప్పుడు?

ఫొటోలకి జేపీజీ. చిన్న సైజులో ఉంటుంది, కానీ మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంచెం నాణ్యత పోతుంది. వెనక రంగు లేకుండా లోగో కావాలంటే పీఎన్‌జీ. వెక్టర్ బొమ్మ వెబ్‌సైట్‌లో పెట్టాలంటే ఎస్‌వీజీ. ప్రెస్‌కి పీడీఎఫ్. పని సాగుతున్నంతకాలం మాత్రం సాఫ్ట్‌వేర్ సొంత ఫైలే, అంటే ఫొటోషాప్‌కి పీఎస్‌డీ, కోరల్‌కి సీడీఆర్, గింప్‌కి ఎక్స్‌సీఎఫ్. జేపీజీ ఒక్కటే దాచుకుని అసలు ఫైలు తీసేయడం అంటే పచ్చడి సీసా ఉంచుకుని మామిడిచెట్టు కొట్టేసినట్టు.

అప్లికేషన్‌లో ఫొటో 50 కేబీ లోపు అడుగుతున్నారు. ఎలా?

ఉద్యోగాల నోటిఫికేషన్ పడిన వారం నాకు ఇదే ఫోను. పాస్‌పోర్ట్ సైజు 3.5 × 4.5 సెంటీమీటర్లు. 300 లెక్కన అది 413 × 531 పిక్సెళ్ళు. ముందు ఆ కొలతకి క్రాప్ చేయండి, తర్వాత జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేస్తూ క్వాలిటీ 80 నుంచి కిందికి తగ్గించుకుంటూ రండి. గింప్‌లో ప్రివ్యూకి టిక్ పెడితే ఎన్ని కేబీలు వస్తుందో అక్కడే కనిపిస్తుంది. చాలామంది 4000 పిక్సెళ్ళ ఫొటోని అలాగే ఉంచి క్వాలిటీని పదికి దించేస్తారు, ముఖం పెంకులు పెంకులుగా తయారవుతుంది.

డబ్బు పెట్టకుండా నేర్చుకోవచ్చా? ఫ్రెండ్ దగ్గర క్రాక్ ఉందంట.

నిక్షేపంలా నేర్చుకోవచ్చు, క్రాక్, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా చేసిన దొంగ కాపీ, అక్కర్లేదు. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీ 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ తర్వాత ఒకసారి కొని ఉంచుకునే పద్ధతి ఆపేసి 2013 నుంచి చందా పద్ధతికి మారింది. ఆ చందా కట్టలేకే క్రాకుల వెంట పడతారు. ఒక విద్యార్థి అలా ఎక్కించుకున్న క్రాక్‌తో పాటు వైరస్ వచ్చి, అతని అక్క పెళ్ళి ఆల్బమ్ మొత్తం తాళం పడిపోయింది. అంతకంటే చెప్పను.

ఫొటోలకి గింప్ ఉంది. 1995లో బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. గీతలకి ఇంక్‌స్కేప్, 2003 నుంచి ఉంది. చేత్తో బొమ్మలు వేసేవాళ్ళకి క్రిటా, పుస్తకాలకి స్క్రైబస్. ఏదీ ఎక్కించుకోలేని పాత కంప్యూటర్ అయితే బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ. చూడ్డానికి ఫొటోషాప్‌లాగే ఉంటుంది, పీఎస్‌డీ ఫైళ్ళు కూడా తెరుస్తుంది.

కాన్వా ఉండగా ఇవన్నీ ఎందుకు సార్?

పుట్టినరోజు పోస్టర్‌కి, ఇన్‌స్టాలో చీరల పోస్టుకి రెడీమేడ్ టెంప్లేట్లు ఇచ్చే కాన్వా హాయిగా సరిపోతుంది. నేనూ వాడతాను, సిగ్గేం లేదు. చిక్కేమిటంటే మీరు ఎంచుకున్న టెంప్లేటే పక్క వీధి బొటిక్ అక్క కూడా ఎంచుకుంటుంది. అమీర్‌పేటలో ఒక రోజు మూడు కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు తీసుకుంటే మూడింటిలోనూ అదే కళ్ళజోడు అమ్మాయి నవ్వుతోంది.

ఏఐ వచ్చాక ఇది నేర్చుకోవడం దండగేమో?

2023లో ఫొటోషాప్‌లోకి జెనరేటివ్ ఫిల్ వచ్చినప్పుడు నాకూ గుండె జారింది. మాటల్లో చెబితే బొమ్మ వస్తోంది, నిజమే. కానీ కస్టమర్ "అంతా బాగుంది, తాతయ్య ఫొటో మాత్రం మాదే ఉండాలి, రంగు మా షాపుది ఉండాలి, ఆరడుగుల ఫ్లెక్స్‌కి రావాలి" అన్నాక లేయరూ, మాస్కూ, సైజూ తెలిసినవాడే కూర్చోవాలి. బొమ్మలోనే తెలుగు రాయమంటే చాలాసార్లు ఏ భాషకీ చెందని అక్షరాలు ఇస్తుంది. బొమ్మ దానితో చేయించుకోండి, అక్షరాలు మీరు వేయండి.

ఎలాంటి కంప్యూటర్ కొనాలి?

ఫొటోషాప్‌కి 8 జీబీ ర్యామ్ కనీసం, 16 ఉంటే నిమ్మళం. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. త్రీడీ చేసేవాళ్ళకే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, కోరల్‌లో శుభలేఖలు చేసేవాళ్ళు దాని మీద పెట్టే డబ్బు మంచి మానిటర్ మీద పెట్టండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే నాలుగు షాపుల్లో ధర అడిగాకే జేబులో చెయ్యి పెట్టండి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో పెన్ టూల్ నేర్చుకుంటానంటే మాత్రం నా దగ్గరికి రాకండి, ఒక మౌస్ కొనుక్కుని రండి.

హైదరాబాద్‌లో ఉద్యోగానికి ఏది నేర్చుకుంటే మంచిది?

ఫ్లెక్స్, ప్రింటింగ్ షాపుల్లో కోరల్ డ్రా, ఫొటోషాప్, దాంతో పాటు వేగంగా తెలుగు టైపింగ్. మూడోది వచ్చినవాళ్ళు తక్కువ, అందుకే గిరాకీ. మాదాపూర్, గచ్చిబౌలి వైపు యాప్‌ల తెరలు డిజైన్ చేసే పనికి ఫిగ్మా. ఆర్కిటెక్ట్ ఆఫీసులకి ఆటోక్యాడ్, స్కెచప్. యానిమేషన్, సినిమా గ్రాఫిక్స్‌కి మాయా, బ్లెండర్. ఛోటా భీమ్‌ని పుట్టించిన గ్రీన్ గోల్డ్ సంస్థ మన ఊరిదే.

కోర్సుల సంగతి. మైత్రీవనం దగ్గర పాంప్లెట్ ఇచ్చేవాళ్ళు "పదహారు సాఫ్ట్‌వేర్లు, మూడు నెలలు" అంటారు. పదహారు వంటలు మూడు రోజుల్లో నేర్పిస్తామంటే నమ్ముతామా? ఒక్కదాన్ని ఆరు నెలలు చేయండి. ఇంటర్ అయినవాళ్ళు, బొమ్మలంటే నిజంగా ఇష్టమున్నవాళ్ళు మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ గురించి కనుక్కోండి. అక్కడ మౌస్ కంటే ముందు పెన్సిల్ పట్టిస్తారు, అది మంచిదే.

బ్లెండర్ ఉచితం అంటున్నారు. పెద్ద పనులకి పనికొస్తుందా?

2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్‌లో చేసిందే. ఈ సాఫ్ట్‌వేర్ అందరికీ దక్కిన తీరు కూడా బాగుంటుంది. కంపెనీ మూతపడితే దాన్ని చేసిన టాన్ రోసెండాల్ 2002లో జనం దగ్గర లక్ష యూరోలు పోగుచేసి, హక్కులు విడిపించి అందరికీ ఇచ్చేశాడు. త్రీడీలోకి దిగితే మీకొక టీ కెటిల్ కనిపిస్తుంది. 1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ తన ఇంటి కెటిల్‌ని కంప్యూటర్‌లో గీశాడు, అప్పటి నుంచి త్రీడీవాళ్ళు పరీక్షలకి దాన్నే వాడుతున్నారు. అదే మన ఊళ్ళో జరిగి ఉంటే ఇరానీ చాయ్ కప్పు, సాసరు అయ్యేవి.

ప్రెస్‌కి ఫైలు ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

కాగితం అంచు దాకా రంగు ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి. కటింగ్‌లో కత్తి కాస్త జరిగినా తెల్ల గీత పడదు. ముఖ్యమైన అక్షరాలు అంచుకి దూరంగా ఉంచండి. ఫాంట్లన్నీ గీతలుగా మార్చండి, కోరల్‌లో కంట్రోల్ క్యూ. లేదంటే మీ ఫాంట్ వాళ్ళ దగ్గర లేకపోతే ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. అలా మార్చే ముందు వేరే కాపీ దాచుకోండి, ఎందుకంటే గీతలైన అక్షరాల్లో తప్పు దిద్దలేరు. కొత్త కోరల్‌లో చేసిన ఫైలు పాత కోరల్‌లో తెరుచుకోదు కాబట్టి వాళ్ళ దగ్గర ఏ వెర్షన్ ఉందో అడిగి దానికి తగ్గించి సేవ్ చేయండి.

మా పాప ఆరో తరగతి. ఇప్పుడే మొదలుపెట్టించొచ్చా?

మొదలుపెట్టించండి, ఫీజు కట్టి మాత్రం కాదు. ఇంక్‌స్కేప్ ఎక్కించి, గ్రిడ్ ఆన్ చేసి, వాళ్ళ అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టండి. చుక్కలు అమ్మమ్మ చెబుతుంది, గీతలు పాప కలుపుతుంది. మా క్లాసులోని లెక్కల మాస్టారు ఇలాగే మనవరాలితో ఒక మెలిక ముగ్గు వేయించి, దాన్ని ఏ3 కాగితం మీద ప్రింట్ తీసి తెచ్చారు. ఒకచోట చుక్క తప్పింది. అది ఏ వరసలో తప్పిందో ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.